పాల సంచి గుర్తు: గుంటూరులో ఒంటరిగా ఉంటున్న తల్లికి దూరం నుంచి తోడు (కేస్ స్టడీ)

ఇళ్ళకు వెళ్ళి పెద్దవాళ్ళ ఆరోగ్యం, రోజువారీ ఏర్పాట్లు చూసే పనిలో మాకు వచ్చిన కేసు ఇది. పేరు, వీధి, పిల్లల ఉద్యోగాలు, ఆస్పత్రుల పేర్లు తీసేశాను. వీధిలో అందరూ పిలిచినట్టే ఆవిడను ఇక్కడ టీచరమ్మ గారు అంటాను. ఆవిడ చదివి, రెండు చోట్ల తన చేత్తో దిద్దిన తర్వాతే దీన్ని బయట పెడుతున్నాం.

నేపథ్యం

టీచరమ్మ గారికి 77 ఏళ్ళు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. భర్త పోయి ఆరేళ్ళు. బ్రాడీపేట లాంటి పాత పేటలో సొంత డాబా ఇల్లు. కింద వాటాలో ఆవిడ, పై వాటాలో అద్దెకు ఒక కుటుంబం. కొడుకు టెక్సస్‌లో, కూతురు హైదరాబాద్‌లో. షుగర్ 19 ఏళ్ళుగా, బీపీ 12 ఏళ్ళుగా ఉన్నాయి. మోకాళ్ళు అరిగాయి కానీ నడక బాగానే ఉంది. వంట తనే చేసుకుంటారు, మడి పాటిస్తారు. నెలకు రెండు ఏకాదశులూ ఉపవాసం. శనివారం గుడికి, నెల మొదట్లో బ్యాంకుకు తనే నడిచి వెళ్తారు. మతి చురుకుగా ఉంది. మేం చేసిన జ్ఞాపకశక్తి పరీక్షలో పొరపాటే లేదు. పైగా ప్రశ్నల్లో ఒకదాన్ని సరిగ్గా అడగలేదని మమ్మల్నే దిద్దారు.

ఈ చివరి వివరం కేసంతటికీ పునాది. తన మంచిచెడ్డలు తను తేల్చుకోగల మనిషి. ఆ శక్తి తగ్గిన మనిషికి వేరే ఏర్పాటు కావాలి. కింద రాసిందంతా అక్కడ పనికిరాదు.

సమస్య మా దగ్గరకు వచ్చిన తీరు

ఫోన్ చేసింది కొడుకు. "అమ్మ రెండుసార్లు పడిపోయింది. చెప్పిన మాట వినదు. మీరైనా ఒప్పించి మనిషిని పెట్టండి" అన్నారు. ఒప్పించే పని మేం ఒప్పుకోలేదు. ముందు అమ్మగారితో విడిగా మాట్లాడతామని, ఆవిడ సరేనంటేనే కేసు తీసుకుంటామని చెప్పాం. డబ్బు కట్టేది కొడుకైనా మేం పనిచేసేది ఆవిడ కోసం. ఇది మొదటి రోజే తేల్చుకోకపోతే తర్వాత ప్రతి నిర్ణయం దగ్గరా ఎవరి పక్షం అన్న ప్రశ్న లేస్తుంది.

మొదటిసారి పడింది మే నెలలో, రాత్రి రెండున్నరకు, బాత్రూంలో. దాదాపు 50 నిమిషాలు తడి నేల మీదే ఉండి, బకెట్ అంచు పట్టుకుని తనే లేచారు. ఎవరికీ చెప్పలేదు. నాలుగో రోజు వీడియో కాల్లో మోచేతి మీద కమిలిన మచ్చ కూతురి కంట పడింది. అక్కడి నుంచి పిల్లల ఏర్పాట్లు మొదలయ్యాయి. రెండోసారి పడింది అక్టోబరులో, ద్వాదశి తెల్లవారుజామున నాలుగూ నలభైకి. చప్పుడు విని పై వాటా కోడలు పరుగున వచ్చింది. వాళ్ళింట్లో ఉన్న గ్లూకోమీటరుతో చూస్తే షుగర్ 58. ఆ అమ్మాయి చేసింది సరైన పని: మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, 15 నిమిషాలాగి మళ్ళీ చూసింది. 91కి వచ్చింది. మనిషి స్పృహలో ఉండి మింగగలిగితేనే ఇలా చేయాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏదీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

అప్పటికే చేసి చూసినవి

మే నుంచి అక్టోబరు దాకా పిల్లలు ప్రేమతోనే, ఖర్చుకు వెనకాడకుండా నాలుగు ప్రయత్నాలు చేశారు.

హాల్లో, వంటింట్లో, వరండాలో కెమెరాలు పెట్టించారు. వారం తిరిగేసరికి వంటింటి కెమెరా మీద తుండుగుడ్డ పడింది. "పొద్దున తొమ్మిదింటిదాకా టిఫిన్ ఎందుకు చేయలేదమ్మా?" అని కొడుకు అడిగిన రోజున మిగతా రెండిటి ప్లగ్గూ తీసేశారు.

ఇరవై నాలుగ్గంటల మనిషిని ఏజెన్సీ నుంచి తెచ్చారు. తొమ్మిది రోజులు. మడి వంటింటి గొడవ ఒకటి ఉన్నా, విరిగింది దాని దగ్గర కాదు. ఆ అమ్మాయి రోజూ రాత్రి "మేడం ఇవాళ ఇంత తిన్నారు, ఇన్నిసార్లు బాత్రూంకి వెళ్ళారు" అని కొడుక్కి వాట్సాప్‌లో పంపుతోందని తెలిసిన రోజునే టీచరమ్మ గారు లెక్క కట్టి జీతం చేతిలో పెట్టి పంపేశారు.

పడితే కబురు పంపే చేతి గడియారం కొన్నారు. రోజూ చార్జింగ్ పెట్టాలి, స్నానానికి తీయాలి. పడిపోయే చోటు స్నానాలగదే కదా. అది బీరువాలోకి వెళ్ళింది.

చివరిది, జూలై, ఆగస్టుల్లో ఆరు వారాలు హైదరాబాద్‌లో కూతురి ఫ్లాట్‌లో ఉండటం. పదకొండో అంతస్తు, లిఫ్టు, పగలంతా ఎవరూ ఉండరు. కూతురు అక్కడ తమకు తెలిసిన డాక్టరుకు చూపించింది. ఆయన బీపీకి ఒక మాత్ర రాశారు. ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకోండి.

నాలుగు ప్రయత్నాల్లోనూ ఒక పోలిక ఉంది. ఆవిడ గురించిన కబురు ఆవిడ చేతుల్లోంచి కాకుండా, ఆవిడను దాటి పిల్లలకు చేరుతోంది. ఫలితంగా ఆవిడ దాచడం నేర్చుకున్నారు. ఆగస్టు తర్వాత రెండుసార్లు కళ్ళు తిరిగి మంచం పట్టుకుని నిలబడ్డానని మా రెండో భేటీలో చెప్పారు. పిల్లలకు చెప్తే మళ్ళీ హైదరాబాద్ అంటారని చెప్పలేదట. నిఘా పెరిగేకొద్దీ నిజం తగ్గింది.

మందుల సంచి

పడిపోవడం వయసు వల్ల అని ఇంట్లో అందరూ ఒప్పేసుకున్నారు. మేం ఒప్పుకోలేదు. ఈ వయసులో రెండుసార్లు పడితే మొదట వెతకాల్సింది మందుల్లోనే. ఇంట్లో ఉన్న ప్రతి స్ట్రిప్పూ, సీసా, ఆయుర్వేదం పొడితో సహా, ఒక దుప్పటి మీద పోయించాం. మొత్తం 14 రకాలు. స్ట్రిప్పు మీద కంపెనీ పెట్టిన బ్రాండు పేరు వదిలేసి, లోపలున్న అసలు మందు పేరు చదివి, ఆవిడ చేతే ఒక కాగితం మీద రాయించాం. పదో వరుస రాస్తుంటే ఆవిడే ఆగారు. "ఇది ఇందాక రాశానే!"

గుంటూరు డాక్టరు రాసింది టెల్మిసార్టాన్ 40. హైదరాబాద్ డాక్టరు రాసింది టెల్మిసార్టాన్ 40తో పాటు నీరు తీసే హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5 కలిసిన మాత్ర. పేర్లు వేరు, కంపెనీలు వేరు. ఆవిడ రెండూ పొద్దున్నే వేసుకుంటున్నారు. 80 మిల్లీగ్రాములు కొందరికి సరిపడే డోసే. ఈవిడకు మాత్రం, నీళ్ళ మాత్ర కూడా తోడై, ఎక్కువైంది. హైదరాబాద్‌లోనే ఆవిడకు అనుమానం వచ్చిందట. "పాతది కూడా వేసుకోవాలా?" అని కూతుర్ని అడిగితే, "రాసినవన్నీ వేసుకోమ్మా" అంది. డాక్టరును అడిగే అవకాశం ఆవిడకు రాలేదు. గదిలో మాట్లాడింది కూతురే.

అనుమానం రూఢి చేసుకోవడానికి బీపీని రెండు భంగిమల్లో చూశాం. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో మళ్ళీ. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ అంతకు మించి గానీ పడితే, లేవగానే మెదడుకు రక్తం చాలడం లేదని అర్థం. ఆవిడకు 138/80 నుంచి 112/70కి పడింది. కుర్చీలో కూర్చోబెట్టి చూసే మామూలు బీపీలో ఇది కనిపించదు. అందుకే ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదు.

రెండోది షుగర్ మాత్ర గ్లిమెపిరైడ్ 2. తిన్నా తినకపోయినా ఇది క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది, పని దాదాపు రోజంతా ఉంటుంది. "మందు ఒక్కరోజు కూడా మానకూడదు" అని ఎవరో అన్న మాట పట్టుకుని, ఏకాదశి రోజు కూడా పొద్దున్నే వేసుకుని, మధ్యాహ్నం ఒక అరటిపండు, రాత్రి గ్లాసు పాలు. ద్వాదశి పారణ చేసేలోపే షుగర్ 58కి జారింది. ఆవిడ మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ పరీక్ష, శాతంలో చెప్పేది) 6.4. పిల్లలు దాన్ని గొప్పగా చెప్పుకునేవారు. ఈ వయసులో, ఈ రకం మాత్ర మీద, 6.4 ఉంటే సంతోషించకూడదు. మధ్యమధ్య ఎక్కడో బాగా పడిపోతోందేమోనని అనుమానించాలి.

మూడోది, నిద్రకని రెండేళ్ళుగా మందుల షాపులో కొనుక్కుంటున్న ఆల్ప్రజోలం 0.25. మేలో మొదటిసారి పడటంలో దీని పాత్ర ఉందని మా అంచనా: మత్తు, తడి నేల, గొంతుక్కూర్చుని ఒక్కసారిగా లేవడం, మూడూ కలిశాయి.

ఇక్కడ మేం ఏ మాత్రా మాన్పించలేదు. ఆవిడ రాసిన కాగితం, నిలబడ్డ బీపీ అంకెలు, ద్వాదశి నాటి షుగర్ అంకె పట్టుకుని గుంటూరు డాక్టరు దగ్గరకు ఆవిడే వెళ్ళారు, మేం పక్కన కూర్చున్నాం. ఆయన హైదరాబాద్ మాత్ర తీసేశారు. గ్లిమెపిరైడ్ ఆపి, తనంతట తాను షుగర్ బాగా తగ్గించే భయం తక్కువున్న గ్లిప్టిన్ రకం మాత్ర రాశారు, మెట్‌ఫార్మిన్ కొనసాగించారు, సగటు 7.5 దగ్గర ఉన్నా ఫర్వాలేదన్నారు. ఆల్ప్రజోలం ఆరు వారాల్లో మెల్లగా తగ్గించారు. దాన్ని ఉన్నపళంగా ఆపితే నిద్ర పూర్తిగా పోతుంది, ఆందోళన, వణుకు, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు.

ఉపవాసం మానేయమని కొడుకు మాట. మాన్పించవద్దని మా మాట. మందు మార్చి ఉపవాసాన్ని కాపాడే వీలున్నప్పుడు, 50 ఏళ్ళ నియమాన్ని ఎందుకు తీసేయాలి? ఏకాదశికి విడిగా ఒక పద్ధతి డాక్టరు ఒప్పుకోలుతో రాసుకున్నాం: నీళ్ళు మానకూడదు, పదకొండింటికీ నాలుగింటికీ షుగర్ చూడాలి, 100 లోపుంటే పాలు గానీ పండు గానీ, 70 లోపుంటే వెంటనే చక్కెర నీళ్ళు, ఆ రోజుకు ఉపవాసం అయిపోయినట్టే. చివరి వాక్యం ఆవిడే చేర్చారు.

మా మొదటి ఏర్పాట్లు ఎక్కడ తప్పాయి

మందులు సర్దినా, ఆవిడ ఒంటరిగా ఉంటారన్నది మారదు. ఆ దూరాన్ని దాటడానికి మేం మొదట పెట్టినవి మూడూ సరిగ్గా పనిచేయలేదు.

రోజూ తొమ్మిదింటికి మా ఆఫీసు నుంచి ఫోన్. "ఎలా ఉన్నారు?" "బాగానే ఉన్నాను." పదిహేను రోజులు అదే జవాబు. ఎప్పుడూ ఒకే జవాబు వచ్చే ప్రశ్నతో కొత్తగా తెలిసేది ఏమీ లేదు. ఆపేశాం.

కొడుకు, కూతురు, మేనల్లుడు, పై వాటా వాళ్ళు, మేము కలిసి ఆరుగురితో వాట్సాప్ గ్రూపు. గ్యాస్ ట్యూబు మార్చాలని ఒకరు రాస్తే ఐదుగురు బొటనవేలు గుర్తు పెట్టారు. మూడు వారాలైనా ట్యూబు మారలేదు. తర్వాత ప్రతి పనికీ ఒకే పేరు రాశాం. ఆ పేరున్న మనిషికి వీలు కాకపోతే ఇంకొకరికి అప్పగించే బాధ్యత కూడా ఆ మనిషిదే.

మూడోది వరండా లైటు. రాత్రి వేసి, పొద్దున లేవగానే ఆవిడ ఆర్పేస్తారు. ఆరూ ముప్పావుకు ఇంకా వెలుగుతుంటే పై వాటా వాళ్ళు వచ్చి తలుపు కొడతారు. బాగానే ఉందనుకున్నాం. నవంబరులో తుపాను వానకు తెల్లవారుజామున కరెంటు పోయింది. లైటు దానంతటదే ఆరిపోయింది. అంటే ఆవిడ పడి ఉన్నా "క్షేమం" అనే చెప్పేది. వ్యవస్థ పాడైనప్పుడు కేక వేసే గుర్తు కావాలి. పాడైనప్పుడు అంతా బాగుందని చెప్పే గుర్తు, గుర్తే లేకపోవడం కంటే ప్రమాదం.

నిలబడిన ఏర్పాటు

పిల్లలెవరూ లైన్లో లేకుండా, రెండు భేటీల్లో ఆవిడను రెండే ప్రశ్నలు అడిగాం. ఏ పని మీ చేతుల్లోంచి తీసేస్తే ఇది నా ఇల్లు అనిపించదు? మీకు దేనికి భయం?

మొదటిదానికి జవాబు వెంటనే వచ్చింది: వంటిల్లు, పాస్‌బుక్కు, ఇంటి తాళం, శనివారం గుడి. రెండోదానికి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "చావుకు కాదు. మొన్నటిలా బాత్రూంలో పడి, పాలవాడొచ్చేదాకా అలాగే ఉండిపోతానేమోనని."

పిల్లల భయమూ ఆవిడ భయమూ ఒకటేనని అప్పుడు తెలిసింది. ఆరు నెలలుగా ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోలేదంతే. గుర్తు కూడా ఆ జవాబులోనే ఉంది. పాలవాడు!

గేటుకు గుడ్డ సంచి రాత్రే తగిలించి పడుకుంటారు. ఐదున్నరకు పాలవాడు అందులో ప్యాకెట్లు వేస్తాడు. ఆవిడ లేచి ఆరున్నర లోపు సంచి లోపలికి తీసుకుంటారు. ఆరూ ముప్పావుకు సంచి ఇంకా గేటుకే ఉంటే, పై వాటా కోడలు తలుపు కొడుతుంది. ఊరెళ్తే సంచి తగిలించరు. కరెంటు అక్కర్లేదు, చార్జింగ్ అక్కర్లేదు, కొత్తగా నేర్చుకునేదేమీ లేదు. అన్నిటికంటే ముఖ్యం, కబురు పంపేది ఆవిడే. మామ్మగారి మీద కన్నేసి ఉంచమని ఆ కోడలికి ఎవరూ చెప్పలేదు. "సంచి కనిపిస్తే తలుపు కొట్టమ్మా" అని టీచరమ్మ గారే అడిగారు.

రాత్రి గుర్తు ఎనిమిదిన్నరకు కూతురికి మిస్డ్ కాల్. రాకపోతే మెట్లు ఇలా: ఎనిమిదీ ముప్పావుకు కూతురు ఫోన్ చేస్తుంది, పది నిమిషాలాగి మళ్ళీ చేస్తుంది, తర్వాత పై వాటాకు, తర్వాత రెండు వీధుల అవతల ఉండే మేనల్లుడికి. మొదటి నెలలోనే ఒక తప్పుడు అలారం వచ్చింది. చెల్లెలింటికి తెనాలి వెళ్ళి మిస్డ్ కాల్ మర్చిపోయారు. మేనల్లుడు తాళం తీసి లోపలికి వెళ్ళాడు. తను లేనప్పుడు ఇంట్లోకి వచ్చారని ఆవిడకు కోపం వచ్చింది, అది న్యాయమైన కోపం. సంచి లేకపోతే ఇంట్లో లేరని అర్థం కాబట్టి ముందు ఆ సంగతి పై వాటాను అడగాలన్న నియమం మేనల్లుడికి చెప్పలేదు. తప్పు మాదే.

దానితో తాళం పద్ధతి మార్చాం. మారు తాళాలు రెండు, ఒకటి పై వాటాలో, ఒకటి మేనల్లుడి దగ్గర. రెండూ అంటించిన కవర్లలో ఉన్నాయి, మూత మీద అడ్డంగా ఆవిడ సంతకం, తేదీ. తెరిస్తే ఆవిడకు తెలుస్తుంది. మూడుసార్లు తలుపు కొట్టి, పేరు పెట్టి పిలిచి, ఫోన్ చేసి, జవాబు లేకపోతేనే తెరవాలి. కవరు చిన్న విషయంలా కనిపిస్తుంది. తాళం ఇచ్చేటప్పుడు ఆవిడ చెయ్యి తటపటాయించకపోవడానికి అదే కారణం.

పేర్లు, నంబర్లు, మందుల పట్టిక, ఆధార్ జిరాక్సు, ఆస్పత్రి కాగితాలు ఒక ఎర్ర సంచిలో ఫ్రిజ్ పక్క మేకుకు ఉంటాయి. నంబర్లు కాగితం మీదే ఉండాలని పట్టుబట్టాం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు కరెంటు లేక ఫోన్లు చచ్చిపోయిన ఇళ్ళలో, అయినవాళ్ళ నంబర్లు ఆ ఫోన్లలోనే ఉండిపోయాయి.

కొడుకు ఫోన్ సంగతి వేరు. ఆయనకు రాత్రి ఎనిమిదికి వీలు. చలికాలంలో అది ఇక్కడ పొద్దున ఏడున్నర. మార్చి రెండో ఆదివారం అమెరికా గడియారాలు గంట ముందుకు జరిగాక అదే ఎనిమిది ఇక్కడ ఆరున్నర, ఆవిడ స్నానం, పూజ వేళ. రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు, ఆయన కంగారుపడి పై వాటాను లేపారు. ఆవిడ గడియారం ప్రకారం ఏడున్నర ఖాయం చేశాం, మారాల్సింది ఆయన వేళ. ఇంకొకటి అడిగాం: మొదటి ఐదు నిమిషాలు షుగర్, బీపీ, మాత్రల మాట ఎత్తవద్దని. మనవరాలి లెక్కల హోంవర్కుతో మొదలవుతోంది ఇప్పుడు.

బాత్రూం

ఇది వివరంగా రాయాలి. ఎక్కువమంది డబ్బు పెట్టి తప్పు చేసేది ఇక్కడే.

తలుపు లోపలికి తెరుచుకునేది, లోపల గడియ. మనిషి తలుపుకు అడ్డంగా పడితే బయటివాళ్ళు తోయలేరు. బందులు మార్చి బయటికి తెరుచుకునేలా చేయించాం. గడియ తీసి, బయట నుంచి రూపాయి బిళ్ళతో తిప్పి తెరిచే రకం పెట్టించాం. లోపల వేసుకునే హక్కు ఆవిడకుంది, అవసరానికి తెరిచే వీలు బయటివాళ్ళకుంది. తలుపు వేసుకోవద్దని చెప్పడం సులువు, కానీ 77 ఏళ్ళ మనిషికి చెప్పవలసిన మాట కాదది.

పట్టుకునే కడ్డీలు రెండు, 32 మిల్లీమీటర్ల స్టీలు పైపు, గోడకూ కడ్డీకీ మధ్య 40 మిల్లీమీటర్ల సందు. సందు మరీ ఎక్కువైతే మోచెయ్యి జారి ఇరుక్కుంటుంది. ఎత్తు పుస్తకం చూసి పెట్టలేదు. చెప్పులతో నిలబెట్టి, చేతులు వదిలేయించి, మణికట్టు మడత దగ్గర గోడ మీద గుర్తు పెట్టాం: 76 సెంటీమీటర్లు. మొదటి కడ్డీ మూడో రోజే కదిలింది. ప్లంబరు 35 మిల్లీమీటర్ల స్క్రూలు, గోడ రంధ్రంలో దిగే ప్లాస్టిక్ ప్లగ్గులతో బిగించాడు. అవి టైలునూ దాని వెనక పూతనూ పట్టుకున్నాయి తప్ప ఇటుకను అందుకోలేదు. పాత ఇళ్ళలో పూతే అంగుళం పైన ఉంటుంది. విప్పి, ఇటుకలోకి దిగేలా 10 మిల్లీమీటర్ల యాంకర్ బోల్టులతో మళ్ళీ బిగించి, 80 కిలోల మనిషి వేలాడి చూశాకే ఆవిడను పట్టుకోనిచ్చాం. గోడకు గాలితో అంటుకునే కడ్డీలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. తడి టైలు మీద అవి ఎప్పుడు ఊడతాయో చెప్పలేం. కొనవద్దు.

నేల దొడ్డి (గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి) తీసేసి వెస్ట్రన్ కమోడ్ పెట్టించాలని కొడుకు ప్రతిపాదన. ఆవిడ వద్దన్నారు. దొడ్డి మీద జరిపి పెట్టుకునే కమోడ్ స్టూలు, 44 సెంటీమీటర్ల ఎత్తుది, వారం రోజులు వాడి చూడమని ఇచ్చాం. నచ్చకపోతే తీసుకెళ్ళిపోతామన్నాం. వారం తర్వాత తీసుకెళ్ళమనలేదు. రాత్రి పూట వాడుతున్నారు, పగలు పక్కకు జరుపుతున్నారు. మాకు అది చాలు, ప్రమాదం రాత్రిదే.

మంచం నుంచి బాత్రూందాకా 14 అడుగులు, మధ్యలో ఒక గడప. మనిషి కదిలితే వెలిగే చిన్న ఎల్ఈడీ లైట్లు రెండు, గడప అంచుకు పసుపు రేడియం టేపు. అరిగిన హవాయి చెప్పుల బదులు మడమ పట్టీ ఉన్నవి. రాత్రి లేచేటప్పుడు మంచం అంచున కూర్చుని పాదాలు ఇరవైసార్లు పైకీ కిందకీ ఆడించి, అరవై లెక్కపెట్టి లేవాలి. లెక్కల టీచరు కదా, అరవై బదులు పదమూడో ఎక్కం చదువుకుంటున్నారట.

డబ్బు

పెన్షన్ ఖాతా ఆవిడదే, పాస్‌బుక్కు ఆవిడ దగ్గరే, దాని వివరాలు ఎవరి ఫోన్లోనూ లేవు. ఆస్పత్రి అవసరానికి కూతురితో కలిపి వేరే ఖాతా తెరిచారు, ఇద్దరిలో ఎవరైనా తీయగలిగే పద్ధతిలో, 40,000 నిల్వతో. ఫోన్ చెల్లింపులు ఆ ఖాతా నుంచే. మోసగాడి వలలో పడ్డా పోయేది అంతవరకే. అలాంటిది జరిగితే వెంటనే చేయాల్సిన నంబరు 1930 ఎర్ర సంచి కాగితం మీద ఉంది. ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్‌కు వేలిముద్రలు పడలేదు, ఈ వయసులో గీతలు అరిగిపోతాయి. జీవన్ ప్రమాణ్‌లో ముఖం చూపించే పద్ధతిలో, పై వాటా అమ్మాయి ఫోన్ పట్టుకుంటే, ఇంట్లోనే అయిపోయింది.

ఎనిమిది నెలల తర్వాత

మళ్ళీ పడలేదు. పడుకున్న, నిలబడ్డ బీపీల తేడా 8. మూడు నెలల సగటు 7.3. ఉపవాసాల్లో షుగర్ 70 లోపుకు ఒక్కసారీ రాలేదు, రెండుసార్లు 100 లోపు వచ్చింది, పాలు తాగారు. పాల సంచి వల్ల రెండుసార్లు తలుపు కొట్టారు. ఒకసారి ఆలస్యంగా లేచారు. ఇంకోసారి జ్వరంతో లేవలేకపోయారు, ఆ రోజే డాక్టరు చూశారు. మార్చిలో కళ్ళు తిరిగినట్టు అనిపిస్తే కూతురికి ఆవిడే ఫోన్ చేసి చెప్పారు. మాకు అన్ని అంకెల కంటే ఇదే పెద్ద ఫలితం.

ఈ కేసులో నేర్చుకున్నవి

దూరం నుంచి సాయం చేసే కుటుంబానికి ఇప్పుడు మేం మొదట పెట్టే షరతు ఒకటుంది: ఆవిడ గురించిన ఏ కబురైనా ముందు ఆవిడకు తెలియాలి, వీలైతే ఆవిడ చేతి మీదుగానే పిల్లలకు చేరాలి. కొత్త పరికరమైనా, కొత్త మనిషి అయినా ఈ ఒక్క పరీక్షకు పెడుతున్నాం.

ఇద్దరు పిల్లలు రెండు ఊళ్ళ నుంచి ఇద్దరు డాక్టర్లను తేవడం మన ఇళ్ళలో మామూలు. మందులు కలిపి చూసే డాక్టరు ఒక్కరే ఉండాలి, కొత్త చీటీ ఏదైనా పాత పట్టిక పక్కన పెట్టాకే మొదటి మాత్ర వేసుకోవాలి. మాత్రల స్ట్రిప్పులన్నీ ఒకచోట పోసి మందు పేరు చదవడానికి గంట పట్టింది. ఆ గంట మే నెలలోనే ఎవరైనా కేటాయించి ఉంటే ఆల్ప్రజోలం బయటపడేది, ఏకాదశి మాట వచ్చేది. ఆగస్టులో ఇంకో గంట కేటాయిస్తే రెండో బీపీ మాత్ర మొదలయ్యేదే కాదు.

ఇంకా తేలనివి

పరిస్థితి మారితే ఏం చేయాలో ఇప్పుడే, మతి బాగున్నప్పుడే, రాసిపెట్టమని అడిగాం. నెలలో రెండుసార్లు పడినా, స్టవ్ వెలుగుతుండగా రెండుసార్లు మర్చిపోయినా, పగటి మనిషికి ఒప్పుకుంటానని రాశారు. రాత్రి మనిషి గురించి ఖాళీ వదిలారు. ఆ ఖాళీని మేం నింపలేదు.

డాబా మెట్లు మిగిలాయి. 18 మెట్లు, ఒక పక్క పిట్టగోడ లేదు. ఎండాకాలం వడియాలకు, మిరపకాయలకు ఆవిడ ఎక్కుతారు, మానరు. ఏప్రిల్‌లో ఆ పక్క పైపు కడ్డీ వేయించాం, పొద్దున ఎనిమిది లోపే ఎక్కుతానని ఆవిడ ఒప్పుకున్నారు, బరువు పై వాటా కుర్రాడు మోస్తాడు. కొడుక్కి ఇది నచ్చలేదు, ఆ మాట ఆవిడతోనే అన్నారు. తల్లీకొడుకులు ఆ సంగతి మీద ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు, ఏడున్నర ఫోన్లో, నేరుగా.